పేరు చెప్పండి, సూది చూడండి: ఉచిత రక్తపరీక్షలకు వచ్చేవారు తెలుసుకోవాల్సిన మాటలు, జాగ్రత్తలు

(తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం లబ్ధిదారుల అవగాహన సమావేశంలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం. మీరు చదివాక ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.)



మన బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీస్తారు, పైసలు తీసుకోరు, రిపోర్టు సంగతి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఇంతవరకు మీ అందరికీ తెలుసు. 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని సెంట్రల్ హబ్‌తో మొదలైన ఈ పథకం తర్వాత జిల్లాలకు కూడా వచ్చింది. మొదట్లో 57 రకాల పరీక్షలు చేసేవారు, 2023లో వాటిని 134కు పెంచారు. బయట ల్యాబులో వేలకు వేలు అయ్యే పరీక్షలు కూడా ఇందులో ఉన్నాయి.

ఇవాళ నేను పథకం గొప్ప చెప్పడానికి రాలేదు. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపిన దగ్గర్నుంచి దూది తీసేదాకా ఏం జరుగుతుందో, అందులో మీ వంతు పని ఏమిటో చెప్పడానికి వచ్చాను. చాలామంది "సూది గుచ్చేది వాళ్లు, మాకేం పని?" అనుకుంటారు. మీకు రెండు పెద్ద పనులున్నాయి. ఒకటి, మీ పేరు మీరే చెప్పి, ట్యూబు మీద అదే పేరు ఉందో లేదో చూసుకోవడం. రెండోది, మీకు వాడే సూది కొత్తదేనా అని చూసుకోవడం. మీరు అడిగితే మేము ఏమీ అనుకోము. అడగడం మీ హక్కు.

ముందుగా కొన్ని మాటలు

మేము లోపల మాట్లాడుకునే మాటలు మీకు కొత్తగా ఉండొచ్చు. అవి తెలిస్తే సగం భయం పోతుంది.

శాంపిల్ అంటే పరీక్ష కోసం తీసుకున్న రక్తం.

"నరం దొరకట్లేదు" అని మీరూ అంటారు, మేమూ అంటాం. నిజానికి అది నరం కాదు, రక్తనాళం. అందులోనూ సిర అనే రక్తనాళం, అంటే రక్తాన్ని గుండె వైపు తిరిగి తీసుకెళ్లేది. మోచేతి మడత దగ్గర అది చర్మం కిందే ఉంటుంది కాబట్టి అక్కడే తీస్తాం. అసలైన నరం దాని పక్కన ఉంటుంది. సూది దానికి తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు వేళ్ల దాకా జివ్వుమంటుంది. అట్లా అనిపిస్తే పళ్లు బిగబట్టి ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పండి. సూది తీసేసి వేరే చోట చూస్తాం.

టూర్నికెట్ అంటే చేతికి కట్టే రబ్బరు పట్టీ. సిర ఉబ్బి కనిపించడానికి మోచేతి మడతకు నాలుగు వేళ్ల పైన కడతాం. అది ఒక నిమిషానికి మించి ఉండకూడదు. ఎక్కువసేపు ఉంటే అక్కడ రక్తం నిలిచిపోయి కొన్ని పరీక్షల ఫలితం మారుతుంది. పట్టీ కట్టి పక్కవాళ్లతో ముచ్చట పెట్టుకుంటే "జర విప్పండి" అని చెప్పండి.

పరగడుపు అంటే రాత్రి తిన్న తర్వాత 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉండటం. ఛాయ్ తాగినా, పాలు తాగినా, ఒక్క బిస్కెట్ తిన్నా పరగడుపు కాదు. మంచినీళ్లు మాత్రం తాగొచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగితే సిర తేలిగ్గా దొరుకుతుంది.

హీమోలైసిస్ అంటే ట్యూబులో రక్తకణాలు పగిలిపోవడం. ట్యూబును గట్టిగా ఊపినా, రక్తాన్ని బలంగా లాగినా ఇట్లా అవుతుంది. అప్పుడు కణాల లోపలి పొటాషియం బయటికి వచ్చి, మీ ఒంట్లో మామూలుగానే ఉన్నా రిపోర్టులో ఎక్కువ కనిపిస్తుంది. అందుకే అట్లాంటి శాంపిల్‌ను హబ్‌లో పక్కన పెట్టేసి మళ్లీ తీయమంటారు. "మొన్ననే తీసిన్రు గదా, మళ్లెందుకు?" అని మీకు కోపం రావడం సహజమే. కానీ తప్పు రిపోర్టు చూసి తప్పు మందు వాడే కన్నా, ఇంకోసారి చెయ్యి చాపడమే మేలు.

పేరు దగ్గర తప్పు జరిగితే

లక్ష్మి అని పిలిస్తే మన బస్తీలో నలుగురు లేస్తారు. మొహమ్మద్ అంటే పదిమంది చూస్తారు. గర్భిణుల పరీక్షల రోజు ఒకే గంటలో ముప్పై మంది వస్తే, రెండు ట్యూబులు అటూ ఇటూ కావడానికి ఒక్క క్షణం చాలు.

అట్లా అయితే ఏమవుతుంది? గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాం. 7 ఉన్న తల్లికి ఇంకొకరి 12 రిపోర్టు వచ్చిందనుకోండి. "అంతా మంచిగుంది" అని పంపేస్తారు. ఆమెకు అందాల్సిన మందు అందదు. కాన్పులో రక్తం పోతే ఆ తల్లి తట్టుకోలేదు. రక్తం గ్రూపు విషయంలో ఇది ఇంకా ప్రమాదం. ఒకరికి పడని గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే రక్తం ఎక్కించే ముందు ఆస్పత్రిలో మళ్లీ కొత్త శాంపిల్ తీసి గ్రూపు చూస్తారు, దాత రక్తంతో కలిపి క్రాస్ మ్యాచింగ్ చేస్తారు. అక్కడ కూడా పేరు అడుగుతారు. "ఎన్నిసార్లు అడుగుతరు?" అని విసుక్కోవద్దు. అడిగిన ప్రతిసారీ ఓపికగా చెప్పండి.

మీరు చేయాల్సింది ఇది. "మీరు లక్ష్మి గారేనా?" అని అడిగితే ఊరికే తల ఊపకండి. సరిగా వినపడక కూడా చాలామంది తల ఊపుతారు. పూర్తి పేరు, వయసు, భర్త పేరో తండ్రి పేరో మీ నోటితో చెప్పండి. ట్యూబు మీద అంటించే బార్‌కోడ్ స్టిక్కర్ మీ చీటీ మీదున్న దానితో కలిసిందో లేదో చూడండి. ఆ స్టిక్కర్ మీ కళ్ల ముందే అంటించాలి, మీరు కుర్చీ నుంచి లేవకముందే అంటించాలి. చదవడం రాని పెద్దవాళ్లుంటే తోడు వచ్చినవాళ్లు చూడాలి. ఫోన్ నంబరు కూడా సరిచూసుకోండి. రిపోర్టు మెసేజ్ దానికే వస్తుంది. నంబరు మారితే ముందే చెప్పండి.

కుర్చీలో కూర్చునే ముందు ఇవి చెప్పండి

రక్తం పలచబడటానికి మందులు వాడుతుంటే చెప్పండి. గుండె కవాటం ఆపరేషన్ అయినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎక్కువగా వాడతారు. సూది తీశాక వాళ్లకు రక్తం ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. రోజూ వేసుకునే బీపీ, థైరాయిడ్, షుగర్ మందులు ఆ పొద్దున వేసుకోవాలా, రక్తం ఇచ్చాక వేసుకోవాలా అని డాక్టర్ గారిని ముందు రోజే అడిగి రండి. సొంతంగా మానేయవద్దు.

డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఉంటే ఆ చేతికి సూది గుచ్చకూడదు, పట్టీ కట్టకూడదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన అక్కలు ఆ వైపు చెయ్యి ఇవ్వకుండా రెండో చెయ్యి ఇవ్వాలి. ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేతికి తీయాలి. లేకపోతే సెలైన్ కలిసి ఫలితం తప్పుతుంది. ఇవన్నీ మాకు చూడగానే తెలియకపోవచ్చు. మీరే చెప్పాలి.

ఇంతకుముందు రక్తం తీసినప్పుడు కళ్లు తిరిగి ఉంటే అదీ చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు. బలమైన మనుషులు కూడా రక్తం చూడగానే పడిపోతారు. మిమ్మల్ని మంచం మీద పడుకోబెట్టి తీస్తాం.

గర్భిణులకు ఒక మాట. షుగర్ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఈ పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు. తాగిన 2 గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే కాన్పు దాకా జాగ్రత్త అవసరం. తాగిన అరగంటలోపు వాంతి అయితే దాచకుండా చెప్పండి, ఇంకో రోజు చేస్తారు. గర్భిణులకు హెచ్ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. 2017 చట్టం ప్రకారం దానికి మీ ఒప్పుకోలు అడగాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి. అది తల్లికీ బిడ్డకీ మేలు చేసే పరీక్ష. అడిగి తెలుసుకుని ఒప్పుకోండి.

సూది, చేతులు, స్పిరిట్

ఇప్పుడు రెండో పెద్ద పనికి వద్దాం. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి. అప్పటికే విప్పి ట్రేలో పెట్టిన సూది అయితే "కొత్తది తీయండి" అని అడగండి. ఒక మనిషికి వాడిన సూది, సిరంజి ఇంకొకరికి వాడకూడదు. స్పిరిట్‌తో తుడిచినా, వేడినీళ్లలో కడిగినా వాడకూడదు. వేలికి గుచ్చే చిన్న లాన్సెట్‌కు కూడా ఇదే నియమం. మలేరియా పరీక్షకు, హిమోగ్లోబిన్‌కు, షుగర్ మిషన్‌కు, మనిషి మనిషికీ కొత్తది వాడాలి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ ఈ మూడూ సూదిమొన మీద మిగిలిన కంటికి కనపడని రక్తంతో పాకే జబ్బులు.

గ్లవ్స్ కూడా మనిషి మారినప్పుడల్లా మార్చాలి. అవే గ్లవ్స్‌తో రిజిస్టర్ రాసి, ఫోన్ పట్టుకుని, మళ్లీ మీ చెయ్యి పట్టుకుంటే చెప్పండి.

తర్వాత స్పిరిట్ దూదితో చర్మం తుడుస్తాం. తుడిచాక దాదాపు అర నిమిషం ఆరనివ్వాలి. ఆరినప్పుడే క్రిములు చస్తాయి, తడి మీద గుచ్చితే మంట కూడా ఎక్కువ. ఆరడానికి నోటితో ఊదకూడదు, తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు. మేమైనా సరే, మీరైనా సరే.

పిడికిలి మెల్లగా మూసి ఉంచితే చాలు. మూస్తూ తెరుస్తూ ఉంటే పొటాషియం ఉత్తగానే పెరిగి కనిపిస్తుంది. రెండుసార్లు ప్రయత్నించినా సిర దొరక్కపోతే, ఇంకొకరిని పిలవమని అడగొచ్చు. అదే మంచి పద్ధతి కూడా.

ఇన్ని ట్యూబులెందుకు?

"ఒక్క పరీక్షకు నాలుగు సీసాలు తీసిన్రు, రక్తం అమ్ముకుంటరా?" అని అడిగేవాళ్లున్నారు. నవ్వులాటకు అన్నా, మనసులో అనుమానం ఉంటుంది. లెక్క చూద్దాం. ఒక్కో ట్యూబులో 2 నుంచి 5 మిల్లీలీటర్లు పడుతుంది. మూడు ట్యూబులు కలిపినా రెండు మూడు టీ స్పూన్లు. పెద్ద మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రక్తదానంలో ఒకేసారి 350 మిల్లీలీటర్లు ఇచ్చినా మనిషి లేచి నడిచిపోతాడు. ట్యూబుల్లో ఇచ్చిన దానివల్ల నీరసం రాదు. పరగడుపున ఉన్నందుకు నీరసం వస్తుంది. ఇంటి నుంచి ఏదైనా తినేది తెచ్చుకోండి.

మూత రంగును బట్టి ట్యూబు పని మారుతుంది. ఊదా రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. రక్తకణాల లెక్క, మూడు నెలల షుగర్ దీంట్లో చూస్తారు. ఎరుపు, పసుపు మూతల ట్యూబుల్లో రక్తం గడ్డకట్టాలి. గడ్డకట్టాక పైన తేరే సీరంలో కిడ్నీ, లివర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్ చూస్తారు. బూడిద రంగు మూత షుగర్‌కు. మామూలు ట్యూబులో ఉంచితే రక్తకణాలు ఆ చక్కెరను తినేస్తూ ఉంటాయి, గంట గంటకూ విలువ తగ్గుతుంది. బూడిద రంగు ట్యూబులోని మందు దాన్ని ఆపుతుంది. నీలం మూత రక్తం గడ్డకట్టే పరీక్షలకు. దాంట్లో గీత దాకా నిండకపోతే ఫలితం తప్పు వస్తుంది.

ఈ ట్యూబులు నింపడానికి ఒక వరుస ఉంటుంది. ముందు నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, తర్వాత ఊదా, చివర బూడిద. ఒక ట్యూబులోని మందు ఇంకోదాంట్లోకి పోకుండా ఈ వరుస. అందుకే మధ్యలో "ఆ ట్యూబు ముందు తీయండి" అనొద్దు. ఒక ట్యూబు రక్తాన్ని ఇంకో ట్యూబులోకి ఒంపడం కూడా తప్పే.

సూది తీసిన తర్వాత

దూది పెట్టి కనీసం రెండు మూడు నిమిషాలు వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఇంకా ఎక్కువసేపు నొక్కాలి. మోచెయ్యి మడవద్దు, చాపే ఉంచండి. మడిస్తే లోపల రక్తం కారి నల్లగా కమిలిపోతుంది. రుద్దవద్దు. ఆ చేత్తో కాసేపు బిందె ఎత్తవద్దు, బరువు సంచి మోయవద్దు. కమిలిన మచ్చ కొద్ది రోజుల్లో పోతుంది. వాపు పెరిగినా, చెయ్యి తిమ్మిరెక్కినా, ఎర్రగా వేడిగా మారినా వెంటనే దవాఖానాకు రండి.

లేవగానే పరుగెత్తకండి. చెమటలు పట్టినా, కళ్ల ముందు చీకట్లు కమ్మినా చెప్పి పడుకోండి. కాళ్లు కొంచెం ఎత్తులో పెడితే కాసేపటికి కోలుకుంటారు. పడిపోయిన మనిషికి మెలకువ రాకముందు నోట్లో నీళ్లు పోయవద్దు.

దూదిని జేబులో పెట్టుకుపోవద్దు, మెట్ల మీద పారేయవద్దు. రక్తం అంటిన దూది పసుపు బుట్టలో వేయాలి.

వాడిన సూది ఎక్కడికి పోతుంది?

2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు గట్టి తెల్ల డబ్బాలో పడాలి. గుచ్చినా చిల్లు పడని డబ్బా అది. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజి, గ్లవ్స్ ఎర్ర సంచిలో పడాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. మాకు గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. మేము సూది పట్టుకుని ఉన్నప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి, చెయ్యి హఠాత్తుగా లాక్కోవద్దు. అది మీకూ మాకూ మంచిది.

ఇది దవాఖానా సంగతి. మరి ఇంట్లో? ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగర్ మిషన్ వాడేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ సూదులు మామూలు చెత్తలో వేస్తే, పొద్దున్నే చెత్త బండి దగ్గర ఉత్త చేతులతో ఏరే అన్నకో అక్కకో గుచ్చుకుంటాయి. వాళ్లూ మన బస్తీ మనుషులే. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, దాని మీద "సూదులు" అని రాసి, చెత్త తీసుకునేవాళ్లకు విడిగా చెప్పి ఇవ్వండి.

ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టి చప్పరించవద్దు, పిండవద్దు. పారే నీళ్లతో, సబ్బుతో కడిగి వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే దాని ప్రయోజనం ఉండదు. హెపటైటిస్ బికి టీకా కూడా ఉంది. చెత్త పని చేసేవాళ్లు, ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లు ముందే వేయించుకోవడం మంచిది.

రిపోర్టు వచ్చాక

ఫోన్‌లో నంబర్లు చూసి భయపడొద్దు, పక్కింటివాళ్ల రిపోర్టుతో పోల్చుకుని మందులు మార్చొద్దు. రాసిన డాక్టర్ గారికే చూపించండి. రిపోర్టు మీద పేరు, వయసు మళ్లీ ఒకసారి చదవండి. మీ ఒంట్లో పరిస్థితికీ, రిపోర్టుకూ పొంతన లేదనిపిస్తే "ఇంకోసారి చేయండి" అని అడగండి.

చివరగా, వేళ్ల మీద లెక్కపెట్టుకోవడానికి:

1. పరగడుపు అంటే నీళ్లు తప్ప ఏమీ వద్దు.
2. పేరు, వయసు మీ నోటితో చెప్పండి.
3. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి.
4. వాడుతున్న మందులు, ఫిస్టులా, ఆపరేషన్ సంగతులు ముందే చెప్పండి.
5. జివ్వుమంటే ఓర్చుకోవద్దు, చెప్పండి.
6. స్టిక్కర్ అంటించాకే కుర్చీ నుంచి లేవండి.
7. దూది నొక్కి పట్టుకోండి, చెయ్యి మడవద్దు.

వీటిల్లో ఏది జరగకపోయినా అక్కడే మెడికల్ ఆఫీసర్ గారికి చెప్పండి. పరీక్ష ఉచితం కాబట్టి అడగకూడదేమో అనుకోకండి. ఆ ట్యూబులో ఉన్నది మీ రక్తం, ఆ రిపోర్టును బట్టి మందు మింగేది మీరు.

ఇక మీ సందేహాలు అడగండి.